ఒక బీడీ సేపు

రెండో బకెట్టు నీళ్లు కారు ముందు చక్రం మీద పడగానే గుప్పున ఆవిరి లేచింది. ఆ ఆవిరిలోంచి చిన్న శబ్దం వచ్చింది. స్టీలు గ్లాసు అంచును గోటితో మీటినట్టు, ఒక్కసారే. మేస్త్రి చేతిలో బకెట్టు వంగి అలాగే ఉండిపోయింది. మిగిలిన నీళ్లు ఆయన పాదాల మీదే పోతున్నాయి. ఆయన చూసుకోలేదు.

నేను నాలుగడుగుల దూరంలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఆ శబ్దం నేనూ విన్నాను. కాలిన ఇనుము మీద నీళ్లు పడితే ఏదో ఒక చప్పుడు రాకుండా ఉంటుందా అనుకున్నాను. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, ఆ కారులోంచి దిగినావిడే, జ్వరం పడ్డ పిల్లాడి గురించి చెప్పినట్టు "పొయ్యి నాయనా, పాపం ఎంత వేడెక్కిపోయిందో" అంది.

మేస్త్రి మూడో బకెట్టు పొయ్యలేదు. బకెట్టు పక్కన పెట్టి, చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, చెవి అటు పెట్టాడు. మళ్లీ ఏమీ వినిపించలేదు.

ఇది జరిగి మూడేళ్లు దాటింది. మేస్త్రి ఈ ఏడు వానలు మొదలవుతుండగా పోయాడు. నేను అరకులో విలేకరిని. మా పేపరు జిల్లా పేజీలో అలాంటి చావుకు నాలుగు లైన్లు దొరకడం కష్టం. నేను అడిగితే దొరికేవేమో. అడగలేదు. నాలుగు లైన్లలో ఆయన్ని ఏమని రాయాలో నాకు తెలియలేదు.

అరకు నుంచి అనంతగిరి వెళ్లే దారిలో, సుంకరిమెట్ట దగ్గర, గాలికొండ దిగి వచ్చిన బండికి మొదటిసారి తిన్నటి రోడ్డు కనిపించే చోట ఆయన రేకుల షెడ్డు ఉండేది. షెడ్డుకు బోర్డు లేదు. పక్కనే ఆయన భార్య టీ కొట్టు. ఈ దారిన తిరిగేవాళ్లందరికీ ఆయన మేస్త్రి, ఆమె మేస్త్రమ్మ. విజయనగరం వైపు పల్లెలోంచి కలప లారీ మీద క్లీనరుగా కొండెక్కి, తర్వాత దిగలేదని మాత్రం తెలుసు. అంతకుమించి నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయనకు బ్రేకుల గురించి తప్ప ఇంకో కబురు ఉండేది కాదు.

కొండ మీది గెడ్డ వాగు నుంచి నల్ల పైపు లాగి షెడ్డు ముందు వదిలిపెట్టాడు. పగలూ రాత్రీ నీళ్లు పడుతూనే ఉండేవి. ఘాట్ దిగే బండికి బ్రేకు తొక్కీ తొక్కీ చక్రాల్లోని డ్రమ్ములు కాలిపోతాయి. కాలిన డ్రమ్ము బ్రేకు పట్టదు. అందుకని లారీలు, జీపులు ఆయన దగ్గర ఆగి చక్రాలకు నీళ్లు పోయించుకుని కదిలేవి. కొండదారుల్లో అందరూ చేసే పనే అది. ఆయన చెయ్యడంలో మాత్రం ఒక వరస ఉండేది.

ముందు వాసన చూసేవాడు. బండి ఆగకముందే ముక్కు ఎత్తి, కాలుతున్నది బ్రేకు "లైనింగు" అనో "క్లచ్చు" అనో అనేవాడు. తర్వాత అరచేతిని తిరగేసి, చేతి వెనక భాగాన్ని చక్రానికి బెత్తెడు దూరంలో పెట్టేవాడు. ముట్టుకునేవాడు కాదు. తర్వాత చక్రం కింద రాయి పెట్టించి, చెవి మీంచి బీడీ తీసి ముట్టించేవాడు. ఆ బీడీ అయిపోయేదాకా పైపు దగ్గరికి ఎవర్నీ పోనిచ్చేవాడు కాదు. తొందరపడే డ్రైవరు కనిపిస్తే, "ఏటి బాబూ, పెళ్లికూతురు ఎదురుసూత్తన్నాదేటి? ఉండు. ఇనుం ఊపిరి పీల్చుకోవాల" అనేవాడు. ఎర్రగా కాలినదాని మీద ఒక్కసారి చల్లనీళ్లు పడితే డ్రమ్ము చిట్లుతుందని ఆయన లెక్క. చిట్లిన డ్రమ్ములు తన చేతి మీదుగా రెండు చూశానని చెప్పేవాడు.

"వాచీ చూసి పొయ్యొచ్చు కదా మేస్త్రీ" అన్నాను ఒకసారి.

"వాచీకేటి తెల్సు బాబూ? గాలెంత ఉన్నాదో వాచీకి తెల్దు కదా. బీడీకి తెలుత్తాది. గాలున్న రోజు బీడీ బేగి అయిపోతాది. డ్రమ్మూ బేగి సల్లారతాది. మంచు రోజు రెండూ నెమ్మదే."



ఆయనకు ఇంకో పిచ్చి ఉండేది. కొత్త బండి ఏది ఆగినా లోపల ఇచ్చే పుస్తకం అడిగేవాడు. ఇంజను ఎంత, బరువు ఎంత, చక్రం ఎంత అని అంకెలుండే పేజీ వేళ్లతో వెతుక్కునేవాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కునేవాడు గానీ మాటలు రావు. "అంకెలకి భాషేటి బాబూ" అనేవాడు. డ్రైవర్లు వాళ్ల బండి గొప్ప చెబుతుంటే ఓపిగ్గా వినేవాడు. చివర్న మాత్రం అందరినీ ఒకటే అడిగేవాడు.

"సున్నాలోంచి వందకి ఎన్ని సెకన్లో అందరూ సెప్తారు. వందలోంచి సున్నాకి ఎంతో సెప్పు."

వంద స్పీడులో ఉన్న బండి ఎంత దూరంలో ఆగుతుందో చాలామందికి తెలిసేది కాదు. నవ్వేసేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

ఆ రోజు చలికాలపు ఆదివారం. మంచు విడిచి ఎండ వచ్చాక, పదిన్నర ప్రాంతంలో, కొండ మలుపులోంచి ఆ కారు దిగింది. పండిన నేరేడు రంగు. రెండే తలుపులు. మనిషి నడుం దాటని ఎత్తు. ముందు భాగం పొడుగ్గా సాగి, వెనక్కి వచ్చేసరికి పైకప్పు జారిపోయినట్టుంది. ఇంజను చప్పుడు పెద్దగా లేదు, కానీ బెంచీ చెక్కలోంచి తెలిసింది. మేస్త్రమ్మ కన్నార్పకుండా చూసి, చుట్ట నోట్లోంచి తీసింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మనిషి ఆమె. ఆ నోరు తెరవడమంటే పెద్ద విషయమే.

"ఏటి మావా ఇది? రోడ్డు మీద పడుకుండిపోనాదేటి?"

మేస్త్రి అప్పటికే ముక్కు ఎత్తేశాడు.

కారు నడుపుతున్న ఆయనకు నలభై అయిదు ఉంటాయి. పట్నం మనిషి, మర్యాదస్తుడు. దిగి, అటు తిరిగి వెళ్లి, తల్లికి తలుపు తీశాడు. ఆవిడకు మలుపుల్లో తల తిరిగింది. సీటు మరీ కిందికి ఉండడంతో పైకి లేవలేకపోతోంది. మేస్త్రమ్మ వెళ్లి రెండు చేతులూ పట్టుకుని "ఒకటి, రెండు, ఇప్పుడు" అని లాగింది. ఆవిడ లేచి, మేస్త్రమ్మ భుజం పట్టుకుని నిలదొక్కుకుంది. ఇద్దరూ నవ్వారు.

"అంత డబ్బెట్టి కొన్నారు, తలుపులు రెండే ఇచ్చేరేటమ్మా?"

"నేనూ అదే అడిగాను తల్లీ. వెనక సీట్లో కూరల సంచి కూడా సరిగ్గా పట్టదు. జీపైతే హాయిగా ఎక్కుదును."

"జీపులోనైతే పాతికమందిమి ఎక్కుతాం."

కొడుకు కూడా నవ్వాడు. బ్రేకుల దగ్గర వాసన వస్తోంది, కాస్త చూస్తారా అని మేస్త్రిని అడిగాడు. మేస్త్రి చూడలేదు. ముందు అంకెలు అడిగాడు. ఆ మనిషికి చెప్పడం ఇష్టమని తెలుస్తూనే ఉంది. నాలుగు లీటర్ల ఇంజను, ఎనిమిది సిలిండర్లు, రెండు టర్బోలు అన్నాడు.

"ఎన్ని గుర్రాలు బాబూ?"

"ఐదొందల యాభై."

"మా కలప లారీకి నూటపాతిక ఉండేవి" అన్నాడు మేస్త్రి. గొప్పగానో బాధగానో తెలియలేదు. "బరువెంత?"

"రెండు టన్నులకి కొంచెం తక్కువ."

"ఇద్దరు మనుషుల్ని మొయ్యడానికి రెండు టన్నులా?"

ఇది పందేల కోసం చేసిన కారు కాదని ఆయన విడమరిచి చెప్పాడు. దూరం పోవడానికి చేసింది. పొద్దున్న బయల్దేరి ఐదారొందల కిలోమీటర్లు ఆగకుండా పోయినా ఒళ్లు నొప్పి తెలియదు. అందుకే సీట్లలా ఉంటాయి, లోపల చప్పుడు వినపడదు. సున్నా నుంచి వందకి నాలుగు సెకన్ల లోపే. రోడ్డు ఉంటే గంటకు మూడొందలు దాటుతుంది. గేర్లు ఎనిమిది, కారే మార్చుకుంటుంది. నేలకీ బండికీ మధ్య పన్నెండు సెంటీమీటర్లు.

మేస్త్రి నేల మీద జాన పెట్టి కొలిచాడు. జానకు ఇంకా చాలా తక్కువ. ఒకసారి అరకు వైపు రోడ్డు చూశాడు.

"వందలోంచి సున్నాకి ఎంత బాబూ?"

ఆయన ఆగి మేస్త్రిని కొత్తగా చూశాడు. "ముప్పై అయిదు మీటర్లు అనుకుంటానండీ."

"సదును మీదా, దిగుడులోనా?"

"చదును మీదే కొలుస్తారు."

నేను మేస్త్రి మొహం చూశాను. ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకు ఎవరైనా అంకె చెప్పడం నేను వినడం అదే మొదటిసారి. ఆయన ఆ మనిషికి ఏదైనా ఇచ్చెయ్యాలన్నట్టు కనిపించాడు. చక్రం ఊచల మధ్యలోంచి బ్రేకు డిస్కు కనిపిస్తోంది. కంచమంత ఉంది, దాన్నిండా చిల్లులు.

"ఇదేటి, జల్లెడా?"

"వేడి బయటికి పోవడానికండీ."

దిగుతున్నప్పుడు ఏ గేరులో దిగారని మేస్త్రి అడిగాడు. కారే చూసుకుందని, తను బ్రేకు మీదే వచ్చానని ఆయన చెప్పాడు. అలా కాదని, గేరు తగ్గించి ఇంజను మీద దిగాలని, ఎక్కిన గేర్లోనే దిగాలని మేస్త్రి చెబుతుండగా కొడుకు ఫోను మోగి ఆగిపోయింది. మా దగ్గర సిగ్నలు కల్వర్టు మీద తప్ప దొరకదు. "అయిదు నిమిషాల్లో వస్తాను, చూస్తూ ఉండండి" అని కల్వర్టు వైపు నడిచాడు.

మేస్త్రి చెయ్యి తిరగేసి చక్రం దగ్గర పెట్టి, వెంటనే తీసేశాడు. అంత వేడి. చెవి మీంచి బీడీ తీశాడు. అగ్గిపెట్టె తీశాడు. బెంచీ మీద నా పక్కన కూర్చుని టీ ఊదుకుంటున్న పెద్దావిడ వైపు చూశాడు. తెల్లటి ముతక శాలువా, నుదుట విభూతి. మేస్త్రి బీడీని మళ్లీ చెవి మీద పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె జేబులో వేసుకున్నాడు. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడి, బకెట్టు తీశాడు.

ఇదంతా నేను చూశాను. చూస్తూ టీ తాగాను.

కొడుకు తిరిగి వచ్చేసరికి చక్రాల కింద మట్టి తడిసి ఉంది. ఆవిరి ఆగిపోయింది. "అంతా బాగానే ఉందా?" అన్నాడు. మేస్త్రి నోరు తెరిచాడు. చక్రం వైపు, పెద్దావిడ వైపు, నా వైపు చూశాడు.

"బాగున్నాది బాబూ. రెండో గేర్లో దిగు."

మేస్త్రమ్మ సాయంతో పెద్దావిడ కారులో కూర్చుంది. "ఈసారి వచ్చినప్పుడు కూడా నీ టీయే తాగుతాను" అని ఆమెతో చెప్పి, మేస్త్రికి దండం పెట్టింది. "నీళ్లు పోసి పుణ్యం కట్టుకున్నావు నాయనా."

కారు అరకు వైపు వెళ్లింది. మలుపు దగ్గర వెనక ఎర్రదీపాలు వెలిగాయి. మేస్త్రి తల పక్కకు వాల్చి వింటున్నాడు. చప్పుడు పూర్తిగా పోయాక కూడా చాలాసేపు అలాగే నిలబడ్డాడు. నేను వెళ్తానని చెబితే తలూపాడు గానీ నన్ను చూడలేదు.

మర్నాడు పొద్దున్న అరకు బస్టాండులో పేపరు కట్టలు దించుకుంటుంటే మేస్త్రి కనిపించాడు. షెడ్డు వదిలి ఆయన అరకు రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఏటైనా పడిందా బాబూ?"

"ఏం పడింది మేస్త్రీ?"

"బండి."

అప్పుడు చెప్పాడు. శబ్దం గురించి అడిగాడు. నువ్వూ విన్నావా, నాకే అలగ అనిపించిందా అని. విన్నానన్నాను. ఆయన బస్టాండు అరుగు మీద కూర్చుండిపోయాడు.

"బీడీ కాల్సకుండా పోసీసినాను బాబూ. అమ్మగారు ఎదురుగ్గా కూకున్నాది. పెద్దమనిషి. ఆవిడ ముందల బీడీ ఎలగ ముట్టింతాను? మనసులో లెక్కెట్టుకుందావనుకున్నాను. లెక్క తప్పిపోనాది."

"చప్పుడు వచ్చినంత మాత్రాన చిట్లినట్టేనా?"

"కాకపోవచ్చు. ఇనుం ఊరికే కూడా అంటాది." చెవి మీది బీడీ తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఆ బాబు బాగున్నాదా అని అడిగినప్పుడు నాను సెప్పలేదు. అదీ. పోసినందుక్కాదు. ఇని కూడా సెప్పలేదు."

ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. ఆయనే అన్నాడు. అంత బండి, అంత మర్యాద మనిషి, నా అంకెకి అంకె చెప్పిన మనిషి, నాకు పని తెలీదనుకుంటాడేమో అనిపించిందని.

పట్నంలో నాకు తెలిసిన ఒక కార్ల ఇంజనీరుకు ఫోను చేశాను. కాలిన డిస్కు మీద చల్లనీళ్లు పోస్తే వంకరపోవచ్చు అన్నాడు. ఆ చిల్లుల దగ్గర వెంట్రుకంత చీలికలూ రావచ్చు. ఏమీ కాకపోవచ్చు కూడా. చూడకుండా చెప్పలేం. వెంటనే ఏమీ కాదు గానీ, పెద్ద ఘాట్ దిగుతూ మళ్లీ అంత వేడెక్కితే అప్పుడు భయం. "ఎవరి కారు?" అన్నాడు. తెలియదన్నాను. నంబరు? తెలియదన్నాను. ఫోన్లో నవ్వు వినిపించింది.

నవ్వవలసిన విషయమే. పేరు, ఊరు, బండి నంబరు. కొత్తగా చేరిన విలేకరికి నేను మొదటి రోజు నేర్పే పాఠం అది. ఆ పొద్దున్న గంటసేపు ఆ మనుషుల పక్కన కూర్చుని మూడింట్లో ఒక్కటీ అడగలేదు. మేస్త్రికి సిలిండర్లు గుర్తున్నాయి, గుర్రాలు గుర్తున్నాయి, నేలకీ బండికీ మధ్య ఎంత ఖాళీయో గుర్తుంది. నంబరు ప్లేటు ఇద్దరం చూడలేదు.

కారు తిరిగి షెడ్డు ముందు నుంచి పోలేదని మేస్త్రి ఖాయంగా చెప్పాడు. ఆ పగలంతా, తర్వాతి రెండు రోజులూ రోడ్డు వైపే మంచం వేసుకుని కూర్చున్నాడట; అరకు వచ్చిన కాసేపు మేస్త్రమ్మ చూసిందట. అన్నం కూడా మేస్త్రమ్మ అక్కడికే తెచ్చి పెట్టింది. అంటే అరకు దాటి ఇంకో దారిన పోయి ఉండాలి. సంతకు జీపు తోలే డ్రైవరొకడు వారం తర్వాత చెప్పాడు, ఆ మధ్యాహ్నం అరకు అవతల డుంబ్రిగుడలో చూశానని. స్పీడు బ్రేకరు మీద కింద గీసుకుంటే జనం మూగారట. పెద్దావిడ దిగి, మూగినవాళ్లలోనే ఒకామె దగ్గర అల్లం కొందట. తర్వాత కారు హుకుంపేట రోడ్డు పట్టింది. ఆ రోడ్డు పాడేరు మీదుగా పెద్ద ఘాట్ దిగి మైదానానికి పోతుంది.

హుకుంపేటలో అడిగించాను. పాడేరులో మా విలేకరిని అడిగాను. అలాంటి కారు చూసినవాళ్లు లేరు. చూడలేదంటే రాలేదని కాదు, అందరూ రోడ్డు వైపు చూస్తూ కూర్చోరు కదా.

మేస్త్రి మాత్రం రోజూ బస్టాండుకు వచ్చేవాడు. నేను జిల్లా పేజీ విప్పి చూపించేవాణ్ణి. ఘాట్‌లో ఆటో బోల్తా, లారీ బోల్తా, ఏదో ఒకటి ఉండేది. ఆయన వేలు దాని మీద పెట్టి "ఏ రంగు?" అనేవాడు. ఆ రంగు కాదని చెబితే వేలు తీసేవాడు. ఒక రోజు ఏమీ లేదు. చూశారా, ఏమీ లేదు, ఇంక భయపడకండి అన్నాను.

"నీ పేపర్లో పడకపోతే జరగనట్టేనా బాబూ?"

ముప్పై ఏళ్లుగా ఈ కొండల్లోంచి వార్తలు పంపుతున్నాను. ఎన్ని పంపానో, ఎన్ని పడ్డాయో నాకు తెలుసు. పంపనివి ఎన్నో కూడా తెలుసు. నేను పేపరు మడిచేశాను.

చివరికి ఇద్దరం జీపు మాట్లాడుకుని పాడేరు ఘాట్ దిగాం. ప్రతి పెద్ద మలుపు దగ్గరా ఆయన ఆపించేవాడు. దిగి, పిట్టగోడ రాళ్ల మీద చెయ్యి వేసి నడిచేవాడు. అంచుకు వెళ్లి కిందికి వంగి చూసేవాడు. కింద చెట్ల తలలు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆయన వంగినప్పుడల్లా నేను చొక్కా పట్టుకునేవాణ్ణి. డ్రైవరుకు విసుగు పుట్టింది. "ఏటి తాతా, ఉంగరం పారేసుకున్నావేటి?" అన్నాడు. మేస్త్రి తర్వాతి రాయి మీద చెయ్యి వేశాడు.

సగం దిగాక ఒక మలుపులో గోడ రాయి ఒకటి కదిలి ఉంది. దాని మీద నీలం గీత. కొత్తదే. మేస్త్రి కాళ్లు మడిచి దాని ముందు కూర్చున్నాడు. గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కింద ఎక్కడో గెడ్డ చప్పుడు.

"ట్రాక్టరు పెయింటు" అన్నాడు మేస్త్రి.

"ఖాయమా?"

"ట్రాక్టరుదే. నేరేడు రంగు కాదు." లేచి జీపు ఎక్కాడు. పది గజాలు పోయామో లేదో ఆపమన్నాడు. వెనక్కి నడిచి వెళ్లి మళ్లీ గీకి, మళ్లీ వాసన చూశాడు. ఈసారి వచ్చి ఏమీ చెప్పలేదు. నేను అడగలేదు.

ఇంటర్నెట్‌లో అలాంటి కారు వివరాలు వెతికి అయిదు పేజీలు ప్రింటు తీసిస్తే, అంకెల పక్కన తెలుగులో రాయించుకుని షెడ్డులో మేకుకు తగిలించుకున్నాడు. పొద్దుపోనప్పుడు అవే చదివేవాడు. ఒకసారి కాగితాలు నా ముందు పెట్టి, "ఇన్ని రాసేరు. సిట్లిన డిస్కుతో వందలోంచి సున్నాకి ఎన్ని మీటర్లో ఎక్కడన్నా రాసేరేమో సూడు" అన్నాడు. నేను అయిదు పేజీలూ నిజంగానే చూశాను. అలాంటిది ఎవరూ రాయరని తెలిసి కూడా చూశాను.

ఆ తర్వాత ఆయన పని మారింది. షెడ్డుకు మొదటిసారి బోర్డు పెట్టాడు. అట్ట మీద తారుతో తనే రాశాడు: డిస్కు చక్రానికి నీళ్లు పొయ్యరాదు. లారీలకు మాత్రం పోసేవాడు. ఎవరు ఎదురుగా ఉన్నా బీడీ ముట్టించే పోసేవాడు. ఒకసారి ఎవరో పెద్దమనిషి తల్లి జీపులోంచి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చీదరించుకుంది. మేస్త్రి చేతులు జోడించి "సెమించండమ్మా, ఇది తాగడం కాదు, లెక్క" అన్నాడు. బీడీ మాత్రం పారెయ్యలేదు.

ఒక్క మేస్త్రమ్మే ఆయన్ని వదిలేది కాదు. నవ్విస్తే మర్చిపోతాడనుకునేదో ఏమో. "నా నోట్లో సుట్ట ఉన్నాది కదా మావా. నన్నడిగుంటే నాను లెక్క సూసి పెడుదును. ఆవిడా నానూ పక్కపక్కనే కూకుని కూడా ఆవిడికి నా సుట్ట తప్పు కాలేదు, నీ బీడీ తప్పయిపోతాదా?" అనేది. మొదట్లో ఆయన కొద్దిగా నవ్వేవాడు. తర్వాత నవ్వడం కూడా మానేశాడు. ఆ మాట నిజమే కాబట్టి అనుకుంటాను.

బస్టాండుకు రావడం క్రమంగా వారానికి ఒకసారి అయింది, తర్వాత సంత రోజున మాత్రమే. ప్రశ్న మారలేదు. ఆఖరుసారి వచ్చింది ఈ ఎండాకాలంలో. కాళ్లు వాచి ఉన్నాయి. బస్సు మెట్టు దిగడానికి కండక్టరు చెయ్యి అందించాడు. "ఏటైనా పడిందా బాబూ?" అన్నాడు. లేదన్నాను. తలూపి అదే బస్సు ఎక్కి వెళ్లిపోయాడు.

ఆయన పోయిన పదకొండో రోజున షెడ్డుకు వెళ్లాను. నీళ్లు అలాగే పడుతున్నాయి. ఎవరో లారీ డ్రైవరు తనే బకెట్టు పట్టుకుని చక్రాలకు పోసుకుంటున్నాడు. బీడీ ముట్టించాడో లేదో నేను వచ్చేసరికే పోస్తున్నాడు. మేకుకు అయిదు పేజీలూ ఉన్నాయి, అంచులు పొగచూరి. మేస్త్రమ్మ నాకు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చుట్ట ఆరిపోయి ఉంది, వెలిగించుకోలేదు.

"పోయే ముందు రోజు కూడా అడిగేడు బాబూ. ఆ నేరేడు రంగు బండొస్తే నాను నిద్దట్లో ఉన్నా లేపే అన్నాడు. ఇప్పుడొస్తే నానేటి సెప్పాల?"

"జరిగింది చెప్పు. చప్పుడు వచ్చిందని చెప్పు."

"అదే సెప్తాను." కాసేపు రోడ్డు వైపు చూసింది. "ఆ ముసలమ్మ మళ్లీ నా టీ తాగుతానన్నాది."

ఈ మూడేళ్లలో ఆవిడ రాలేదు. మైదానం నుంచి రావడానికి ఇంకా దారులున్నాయి, రావాలని లేకపోయి ఉండవచ్చు, మా టీ కొట్టు మర్చిపోయి ఉండవచ్చు. డుంబ్రిగుడలో ఆవిడ అల్లం కొన్నంతవరకు తెలుసు. ఆ తర్వాత ఆ కారును చూసినవాళ్లు ఇంతవరకు ఎవరూ దొరకలేదు.